మీకు తెలుసా? గంటసేపు దీపాలు ఆర్పితే మిగిలేదెంత?

ఏటా మార్చి నెలలో ఒక శనివారం రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర వరకు ‘ఎర్త్ అవర్’ పాటిస్తారు. బెంగళూరులో మన వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఆ వారమంతా అదే మాట: గంటసేపు లైట్లు ఆర్పండి, భూమిని కాపాడండి. పిల్లలు ఎంతో ఇష్టంగా స్విచ్చులు కట్టేస్తారు, పెద్దలు బాల్కనీల్లోకి వస్తారు. ఆ గంటలో నిజంగా ఎంత మిగులుతుంది? దానివల్ల వాతావరణానికి ఒరిగేదేమైనా ఉందా? ఈసారి ఆ లెక్కలు చూద్దాం.

సిడ్నీలో మొదలైంది

2007 మార్చి 31న ఆస్ట్రేలియాలోని సిడ్నీలో తొలి ఎర్త్ అవర్ జరిగింది. ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పిలుపునిచ్చింది. ఇరవై రెండు లక్షల మంది పాల్గొన్నారని నిర్వాహకులు ప్రకటించారు. నగరం నడిబొడ్డున ఆ గంటలో కరెంటు వాడకం 10.2 శాతం తగ్గింది. మన దేశం 2009లో చేరింది. ఇప్పుడు హైదరాబాదులో చార్మినార్, గోల్కొండ కోట, సచివాలయం, హుస్సేన్‌సాగర్ బుద్ధ విగ్రహం కూడా ఆ గంటసేపు చీకట్లో ఉంటున్నాయి.

మన ఇంటి లెక్క

తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు పది వెలిగే ఇల్లు అనుకుందాం. అన్నీ గంటసేపు ఆర్పితే మిగిలేది 0.09 యూనిట్. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు తయారీకి సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే ఆ ఇంటి పుణ్యం 63 గ్రాములు. వెయ్యి ఫ్లాట్ల సముదాయం మొత్తం ఒక్క మాట మీద నిలబడి లైట్లన్నీ ఆర్పినా 63 కిలోలే.

కొవ్వొత్తి వెలిగిస్తున్నారా?

బజార్లో దొరికే కొవ్వొత్తుల్లో ఎక్కువ భాగం పారఫిన్‌తో చేసినవి. పారఫిన్ ముడిచమురు నుంచి వస్తుంది. ఒక గ్రాము పారఫిన్ కాలితే మూడు గ్రాములకు పైగా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఒక మామూలు కొవ్వొత్తి గంటకు ఆరు గ్రాముల దాకా కరుగుతుందనుకుంటే 19 గ్రాములు. అదే గంట వెలిగే తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ లెక్కలో పడేది ఆరు గ్రాములు చిల్లర. కాబట్టి మూడు బల్బులు ఆర్పి ఒక కొవ్వొత్తి వెలిగిస్తే మిగులు సున్నా. ఎర్త్ అవర్ పాటించేవారు దయచేసి చీకట్లోనే కూర్చోండి. కబుర్లకు వెలుతురు అక్కర్లేదు.

ఒక బకెట్ వేన్నీళ్లు

ఇరవై లీటర్ల నీళ్లను ఇరవై డిగ్రీలు వేడెక్కించడానికి గీజరు దాదాపు 0.47 యూనిట్ తాగుతుంది. పది బల్బులు ఐదు గంటలు వెలిగినా అంతే అవుతుంది. ఏడాదికి ఒక గంట చొప్పున అయిదేళ్లపాటు పాటించిన ఎర్త్ అవర్, ఒక్క మనిషి ఒక్కరోజు స్నానంతో చెల్లిపోతుందన్నమాట.

అందుకే బెంగళూరు మేడల మీద కనిపించే సోలార్ హీటర్లను నేను గౌరవంగా చూస్తాను. నిర్ణీత విస్తీర్ణం దాటిన కొత్త ఇళ్లకు సోలార్ హీటరు తప్పనిసరి అంటూ కర్ణాటక ప్రభుత్వం 2007 నవంబరులో ఉత్తర్వు ఇచ్చింది. వంద లీటర్ల హీటరు ఒకటి ఏడాదికి సుమారు 1,500 యూనిట్లు మిగులుస్తుందని కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ అంచనా. వైట్‌ఫీల్డ్‌లోని ఆకాశహర్మ్యాల్లో మాత్రం ఒక చిక్కుంది. పైన చోటు తక్కువ, కింద ఇళ్లు ఎక్కువ. సోలార్ వేన్నీళ్లు చాలాచోట్ల పై కొన్ని అంతస్తులకే అందుతాయి. కింద ఉన్నవారికి గీజరే గతి.

2020 ఏప్రిల్ 5, రాత్రి 9 గంటలు

కరోనా లాక్‌డౌన్ రోజుల్లో దేశమంతా తొమ్మిది నిమిషాలు ఇళ్లలో కరెంటు దీపాలు ఆర్పిన రాత్రి గుర్తుందా? అది వాతావరణం కోసం చేసింది కాదు, కష్టకాలంలో ఒకరికొకరం ఉన్నామని చెప్పుకోవడానికి చేసింది. కానీ దీపాలు ఆర్పితే కరెంటు వ్యవస్థలో ఏం జరుగుతుందో అంత పెద్ద ఎత్తున చూపిన సందర్భం మరొకటి లేదు.

వాడకం 12,000 నుంచి 14,000 మెగావాట్ల దాకా తగ్గుతుందని గ్రిడ్ నిర్వాహకులు ముందుగా లెక్క వేశారు. తగ్గింది సుమారు 31,000 మెగావాట్లు! అనుకున్నదానికి రెట్టింపు కంటే ఎక్కువ. వాడకం ఒక్కసారిగా పడిపోతే గ్రిడ్‌లో ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, అదుపు తప్పితే దేశమే చీకటవుతుంది. అందుకే ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, ఏసీలు కట్టేయొద్దని, ఇంట్లో లైట్లు మాత్రమే ఆర్పమని, వీధి దీపాలు వెలుగుతూనే ఉంటాయని ప్రభుత్వం మరీ మరీ చెప్పింది. ఆ రాత్రి ఫ్రీక్వెన్సీ 49.7, 50.26 హెర్ట్జ్‌ల మధ్యే నిలిచింది. కంట్రోల్ రూముల్లో కూర్చున్న ఇంజనీర్లకు చప్పట్లు ఎవరూ కొట్టలేదు గానీ, కొట్టవలసిన పని చేశారు.

వాళ్లు దాన్ని ఎలా నిలబెట్టారన్నదే మన విషయానికి కీలకం. వాడకం పడిపోతున్న ఆ కొద్ది నిమిషాల్లో 17,000 మెగావాట్లకు పైగా జలవిద్యుత్తును తగ్గించారు. జల కేంద్రంలో నీటిని కట్టేస్తే టర్బైను నిమిషాల్లో నెమ్మదిస్తుంది. బొగ్గు బాయిలరు అలా కాదు. దాన్ని ఆర్పి మళ్లీ వేడెక్కించడానికి గంటలు పడుతుంది కాబట్టి కాసేపటి కోసం ఎవరూ దాన్ని ఆర్పరు. అంటే మనం కాసేపు దీపాలు ఆర్పినప్పుడు ముందుగా ఆగేది నీళ్లు, బొగ్గు కాదు. ఆగిన నీళ్లు జలాశయంలో ఉండి తర్వాత ఎప్పుడో కొంత బొగ్గును తప్పించవచ్చు. అయినా గంటసేపటి ఆదా పొగగొట్టం దాకా పూర్తిగా చేరదు. ప్రతిరోజూ, ఏడాది పొడవునా తగ్గే వాడకమే బొగ్గును తగ్గిస్తుంది.

ఒకే రోజు, రెండు ఘటనలు

2023లో ఉగాది వెళ్లిన మూడో రోజు, మార్చి 25, శనివారం. ఆ రాత్రి ఎర్త్ అవర్. వైట్‌ఫీల్డ్ (కాడుగోడి) నుంచి కృష్ణరాజపుర దాకా 13.71 కిలోమీటర్ల మెట్రో మార్గాన్ని ప్రధాని ప్రారంభించిందీ ఆ రోజే. పన్నెండు స్టేషన్లు, సుమారు 4,250 కోట్ల రూపాయల ఖర్చు. బయ్యప్పనహళ్లి దగ్గర రెండు కిలోమీటర్ల చిన్న ముక్క మిగిలిపోవడంతో కొన్నాళ్లు మధ్యలో దిగి బస్సు ఎక్కాల్సి వచ్చింది. 2023 అక్టోబరు 9న అదీ పూర్తయి, వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా రైలు మారకుండా వెళ్లే వీలు కలిగింది.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. రోజుకు రానూపోనూ ముప్పై కిలోమీటర్లు కారులో ఒంటరిగా వెళ్లే ఉద్యోగి, మన ట్రాఫిక్‌లో లీటరుకు పన్నెండు కిలోమీటర్లు వచ్చినా రెండున్నర లీటర్ల పెట్రోలు కాలుస్తాడు. లీటరుకు 2.3 కిలోల చొప్పున 5.75 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఇందాకటి వెయ్యి ఫ్లాట్ల గంట చీకటి 63 కిలోలు కదా. పదకొండు మంది ఒక్కరోజు కారు వాడితే అది ఆవిరైపోతుంది. మెట్రో కూడా కరెంటు మీదే నడుస్తుంది, ఆ కరెంటులో బొగ్గూ ఉంది. కానీ ఒక రైలు వందలమందిని మోస్తుంది. వైట్‌ఫీల్డ్‌కు 2023 మార్చి 25 గుర్తుండాల్సింది ఆర్పిన లైట్ల వల్ల కాదు, పట్టాల వల్ల. ఇంటి నుంచి స్టేషను దాకా ఎండలో నడవగలిగే ఫుట్‌పాత్, సమయానికి వచ్చే ఫీడరు బస్సు ఉంటే ఇంకెంతోమంది కారు తాళాలు ఇంట్లో పెట్టి వస్తారు. ఆ రెండూ అడగడం కూడా వాతావరణం కోసం చేసే పనే.

కుళాయి తిప్పినా కరెంటే

1902లో కావేరి మీద శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం మొదలై కోలారు బంగారు గనులకు కరెంటు పంపింది. 1905 ఆగస్టు 5న అదే కరెంటుతో బెంగళూరులో తొలి విద్యుద్దీపాలు వెలిగాయి. అప్పుడు కావేరి కిందికి దూకి మనకు కరెంటు ఇచ్చింది. ఇప్పుడు అదే ప్రాంతం నుంచి కావేరిని నగరానికి ఎక్కించడానికి మనం కరెంటు పోస్తున్నాం. దాదాపు వంద కిలోమీటర్ల దూరం, సుమారు అయిదు వందల మీటర్ల ఎత్తు, మూడు దశల పంపింగ్.

వెయ్యి లీటర్లను అయిదు వందల మీటర్లు ఎత్తడానికి భౌతికశాస్త్రం ప్రకారమే 1.36 యూనిట్లు కావాలి. మోటార్లలో, పైపుల్లో పోయేది కలిపితే ఇంకా ఎక్కువ. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురున్న ఇంటికి నీళ్లు చేరాలంటే ఎంత లేదన్నా రోజుకు ముప్పావు యూనిట్. ఎర్త్ అవర్‌లో ఏడాది మొత్తానికి మిగిలిన 0.09 యూనిట్‌ను దీని పక్కన ఉంచండి. సంపు నుంచి పై ట్యాంకుకు ఎక్కించే మోటారు ఖర్చు అదనం. ట్యాంకరు నీళ్లయితే బోరు మోటారు కరెంటు, లారీ డీజిలు.

2024 మార్చిలో నీటి ఎద్దడి ముదిరినప్పుడు వైట్‌ఫీల్డ్ ఇళ్లలో వేసవి ఎలా గడిచిందో ఇక్కడివారికి చెప్పక్కర్లేదు. ఆ నెలలోనే బెంగళూరు జలమండలి అపార్ట్‌మెంట్లలో, వాణిజ్య భవనాల్లో కుళాయిలకు ఏరేటర్లు తప్పనిసరి చేసింది. కుళాయి మూతికి బిగించే చిన్న జల్లెడ అది, ధర కూడా తక్కువే. నీటిని గాలితో కలిపి వదులుతుంది కాబట్టి తక్కువ నీటితో చేతులు కడుక్కోవచ్చు. అదే ఏడాది అక్టోబరు 16న కావేరి అయిదో దశ ప్రారంభమైంది. నగరం అంచుల్లోని 110 గ్రామాల కోసం రోజుకు 77.5 కోట్ల లీటర్ల పథకం. నీళ్లు పెరిగాయంటే ఎత్తే కరెంటూ పెరిగినట్టే. 2025లో ఎర్త్ అవర్ మార్చి 22న వచ్చింది. అది ప్రపంచ జల దినం కూడా. మన ఊరికి ఇంతకంటే సరిపడే జోడీ లేదు.

ఆంధ్రలో పది రూపాయల బల్బు

2014 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోని గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఇంటికి రెండు ఎల్‌ఈడీ బల్బులు, ఒక్కోటి పది రూపాయలకు ఇవ్వడం మొదలైంది. అదే నెలలో హుద్‌హుద్ తుపాను విశాఖను చీల్చి చెండాడింది. ఆ తర్వాత అక్కడ వీధి దీపాలన్నీ ఎల్‌ఈడీలయ్యాయి. 2015 జనవరిలో ఈ పథకం దేశమంతటికీ విస్తరించింది, తర్వాత ఉజాలాగా పేరు పొందింది. ఇప్పటికి పంచిన బల్బులు 36 కోట్లకు పైమాటే. ప్రభుత్వ అంచనా ప్రకారం ఏటా మిగిలేది సుమారు 4,780 కోట్ల యూనిట్లు. ఒకేసారి కోట్ల బల్బులు కొనడంతో ప్రభుత్వానికి పడే ధర 310 రూపాయల నుంచి 38 రూపాయలకు దిగింది. అరవై వాట్ల బల్బు తీసి ఏడు వాట్లది పెట్టిన రోజు ఎవరూ ఫొటో తీసుకోలేదు. ఆ తర్వాత అది ప్రతి రాత్రీ, ఎవరూ గుర్తు చేయకుండానే, ఆదా చేస్తూనే ఉంది.

ఏ వేళ వాడుతున్నాం?

తుమకూరు జిల్లా పావగడ తాలూకా చుట్టూ దాదాపు ఆంధ్రప్రదేశే. ఇంట్లో తెలుగు మాట్లాడేవారు అక్కడ ఎక్కువ. ఆ ఎండిన నేల మీద 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర పార్కు ఉంది. రైతులు భూమి అమ్ముకోలేదు. ఎకరానికి ఏటా 21,000 రూపాయల కౌలుకు ఇచ్చారు, రెండేళ్లకోసారి అయిదు శాతం పెంపు. మధ్యాహ్నం కర్ణాటక గ్రిడ్‌లో ఇలాంటి సౌర విద్యుత్తు దండిగా ఉంటుంది. సూర్యుడు దిగాక భారం రాయచూరు, బళ్లారి బొగ్గు కేంద్రాల మీద, శరావతి నీళ్ల మీద పడుతుంది. అందుకని వాషింగ్ మెషీను, సంపు మోటారు, ఎలక్ట్రిక్ స్కూటరు ఛార్జింగు పట్టపగలు పెట్టుకుంటే అదే యూనిట్‌కు పొగ తక్కువ. ఎర్త్ అవర్ రాత్రి ఎనిమిదిన్నరకు వస్తుంది. గంట చిన్నదైనా, వేళ సరైనదే.

మరి ఎర్త్ అవర్ మానేయాలా?

వద్దు. పది దేశాల్లో ఆరేళ్ల ఎర్త్ అవర్ల మీద సేకరించిన 274 కొలతలను పరిశోధకులు 2014లో పరిశీలిస్తే ఆ గంటలో వాడకం సగటున నాలుగు శాతం తగ్గినట్టు తేలింది. చిన్న సంఖ్యే. కానీ పిలుపు అందుకుని లక్షలమంది ఒకే వేళకు కదులుతారని అది చెబుతోంది. కదిలినవారిని ఆ తర్వాత ఏం చేయమంటున్నామన్నదే అసలు ప్రశ్న. 2013లో అర్జెంటీనాలో నిర్వాహకులు ఎర్త్ అవర్‌ను ఒక సముద్ర రక్షిత ప్రాంతం చట్టం కోసం వాడుకున్నారు, ఆ ఏడాదే చట్టం వచ్చింది. దీపాలు ఆర్పడంతోనే ఇంటికి వెళ్లిపోయిన చోట అలాంటిదేమీ మిగలలేదు.

వైట్‌ఫీల్డ్‌లో కూడా ఆ గంటను అలా వాడుకోవచ్చు. లిఫ్టులు, మోటార్లు, మురుగునీటి శుద్ధి ప్లాంటు బ్లోయర్లు, బేస్‌మెంటు లైట్లు రోజంతా తినే కరెంటు ఉమ్మడి బిల్లులో కనిపిస్తుంది. పీఎం సూర్యఘర్ పథకం కింద నివాసుల సంఘాలకు ఉమ్మడి అవసరాల సౌర పలకల కోసం కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది, 500 కిలోవాట్ల దాకా. ఒక కిలోవాట్ పలకలు రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. వచ్చే ఎర్త్ అవర్‌కు అందరూ కిందికి దిగినప్పుడు మీ అసోసియేషన్‌ను గత పన్నెండు నెలల ఉమ్మడి కరెంటు బిల్లులు అడగండి. మేడ మీద ఎన్ని పలకలు పడతాయో, ఎన్ని కుళాయిలకు ఏరేటర్లు లేవో ఆ రాత్రే లెక్క తీసి, తీర్మానం రాసుకుని మరీ లైట్లు వేయండి.