ఏ పరిషత్తు మెట్లెక్కాలి?

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల నాటిక ఆడే సమాజాలకు పిలుపుల కొరత లేదు. ఒక ఊళ్లో కళాపరిషత్తు, ఇంకో ఊళ్లో దాత పేరిట స్మారక పోటీలు, మరోచోట తిరునాళ్ల వేదిక. కొరతల్లా సెలవులకూ డబ్బుకూ. నటుల్లో బడిపంతుళ్లుంటారు, బ్యాంకు ఉద్యోగులుంటారు, రైతులుంటారు. అన్ని చోట్లకీ వెళ్లడం ఎవరివల్లా కాదు, ఏరుకోక తప్పదు. ఏరుకునేటప్పుడు కరపత్రంలో అందరి కళ్లూ ముందు బహుమతి మొత్తం మీద పడతాయి. అది చివర చూడాల్సిన అంకె అని నా వాదన. మన తెర లేచే వేళకు ఆ కుర్చీల్లో ఎవరుంటారన్నది ముందు తేల్చుకోవాలి.

డబ్బు సంగతే మొదట చూద్దాం. రచన, రిహార్సల్స్, సెట్టు, సంగీతం, వీటి ఖర్చు తొలి ప్రదర్శనకు ముందే అయిపోతుంది. వ్యాను కిరాయి, నటీమణుల పారితోషికం, మేకప్, లైటింగ్, దారి భోజనాలు మాత్రం ప్రతి ప్రయాణానికీ కొత్తగా పుడతాయి. ‘ఇంత పెట్టి తయారుచేశాం, పది చోట్ల ఆడకపోతే ఎలా?’ అనేవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తున్నారు. పెట్టేసిన డబ్బు పదకొండో ఊరు వెళ్లినా తిరిగి రాదు. బయలుదేరే ముందు చూడాల్సింది ఆ ప్రయాణం ఖర్చెంత, ఆడిన ప్రతి సమాజానికీ పరిషత్తు ఇచ్చే ప్రదర్శన పారితోషికం ఎంత అన్నదే. ఉత్తమ ప్రదర్శన బహుమతి ఒక్కరికే దక్కుతుంది. దాన్ని నమ్ముకుని వ్యాను మాట్లాడితే లోటు దర్శకుడి జీతంలోంచి పోతుంది. లోటు వచ్చినా వెళ్లదగిన చోట్లు ఉన్నాయి, నిజమే. అయితే ఆ లోటు భరించినందుకు కొత్త ప్రేక్షకులో, పనికొచ్చే విమర్శో, మరో ఊరి పిలుపో దక్కాలి. శాలువా, జ్ఞాపిక ఆ లెక్కలోకి రావు.

ప్రేక్షకుణ్ణి ముందు పెట్టడం ఈ నేలకు కొత్త కాదు. స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టారు. తెనాలి శ్రీరామవిలాస సభ వేదిక మీద స్త్రీ పాత్రల్లో పేరు తెచ్చుకున్నారు. ‘శ్రీకృష్ణ తులాభారం’లో ఆయన సత్యభామకు పట్టం కట్టింది టిక్కెట్టు కొని కూర్చున్న జనం. 1956లో పద్మశ్రీ ఇచ్చేనాటికి ఆ కీర్తి ఊరూరా స్థిరపడిపోయింది. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టింది కూడా తెనాలిలోనే. దానికి పూనుకున్న వనారస గోవిందరావు సురభి మనిషి. సురభి కుటుంబాలకు నాటకమే జీవనాధారం, హాలు నిండకపోతే పొయ్యి వెలగదు. అంటే పరిషత్తు అనే ఆలోచన వెనక ప్రేక్షకుణ్ణి బాగా ఎరిగినవాళ్లే ఉన్నారు. ఆ తర్వాత పరిషత్తు పోటీలు సాంఘిక నాటకానికి ఇచ్చిన ఊపు గొప్పది, దాన్ని తక్కువ చేయను. కానీ పోటీయే సర్వస్వమైన చోట హాల్లో మిగిలేది ముందు ఆడినవాళ్లు, తర్వాత ఆడబోయేవాళ్లు, నిర్వాహకుల బంధువులు. అక్కడ వినిపించే చప్పట్లు సాటివాళ్ల మర్యాద. నాటిక ఎక్కడ సాగిందో, ఏ సంభాషణ జనానికి అందలేదో అవి చెప్పవు.

కాబట్టి దరఖాస్తు నింపేముందు నిరుడు అక్కడ ఆడిన సమాజానికి ఫోన్ చేయాలి. చివరి నాటిక దాకా ఎంతమంది కూర్చున్నారు? రాత్రికి మూడు నాటికలు పెట్టే చోట మూడోది అర్ధరాత్రి దగ్గర పడుతుంది. ఆ వేళ ఖాళీ కుర్చీల ముందు ఆడి గెలిచిన బహుమతి నటుడికి ఏమీ నేర్పదు. న్యాయనిర్ణేతలు మర్నాడు సమాజాలతో మాట్లాడారా, ఫలితాలు చదివేసి రైలెక్కారా? నా మటుకు నేను ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మీదే సగం నిర్ణయం తీసుకోవచ్చంటాను.

బహుమతి లేనిదే గుర్తింపు ఎక్కడ, నంది నాటకోత్సవాల్లో గెలిచిన సమాజాల పేర్లు రాష్ట్రమంతా తెలియలేదా అని అడగవచ్చు. తెలిశాయి. కానీ అదే నంది ఏళ్ల విరామం తర్వాత 2023 డిసెంబరులో గుంటూరులో జరిగింది. ప్రభుత్వం తలచినప్పుడు జరిగే ఉత్సవం కోసమే నాటిక తయారుచేసే సమాజం మధ్య ఏళ్లలో ఏం చేయాలి? కొత్త సమాజానికి ఏరుకునే వీలెక్కడిది అన్నది ఇంకొంచెం గట్టి ప్రశ్న. పిలుపు వచ్చిందే భాగ్యమనుకునే దశ అది. అయినా చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాళ్లకే ఏరుకోవడం ఎక్కువ అవసరం. రాత్రికి సెట్టుతో సహా ఇల్లు చేరగల దూరంలో, పరాయి జనం ముందు మూడు ప్రదర్శనలు ఇస్తే నాటికలో లోపాలు బయటపడతాయి. దూరపు పోటీకి ఆ తర్వాత వెళ్లవచ్చు. ఇలా అందరూ ఏరుకుంటే చందాలు పోగుచేసి పరిషత్తు నడిపే పెద్దమనుషుల మనసు విరగదా అంటే, హాలు నింపడానికి ఇంటింటికీ తిరిగే నిర్వాహకుడికి ఇది మేలే చేస్తుంది. మంచి సమాజాలు ఆయన దగ్గరికే వస్తాయి.

ఈ మూడు ఊళ్ల అమరిక కూడా కలిసొచ్చేదే. బాపట్ల మెయిన్ లైను మీద ఉంది, తెనాలి నుంచి రేపల్లెకు రైలు శాఖ ఉంది, రేపల్లె దాటి పెనుమూడి వారధి ఎక్కితే అవతల దివిసీమ. మూడు ఊళ్ల నిర్వాహకులు తేదీలు కలుపుకుని, ఒకే నాటికను శుక్రవారం తెనాలిలో, శనివారం బాపట్లలో, ఆదివారం రేపల్లెలో చిన్న టిక్కెట్టు పెట్టి ఆడిస్తే వ్యాను, లైట్లు ఒక్కసారి మాట్లాడుకుంటే చాలు, సెలవు ఒక్క రోజు పెడితే సరిపోతుంది. ఆంధ్ర నాటక కళాపరిషత్తుకు 2029లో నూరేళ్లు నిండుతాయి. పుట్టిన ఊళ్లో ఆ పండగ ఎలాగూ చేస్తారు. ఈ మూడు రాత్రుల పద్ధతిని ఈలోపే ఒక వేసవి నడిపి చూడవచ్చు.