ఆట కొనెడి అంగడి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల మగ్గపు నేతను మీరెరుగుదురు. చీరను నేతవాని యింటనే కొన్నచో వెలయంతయు వాని చేతికి చేరును; దళారివద్ద కొన్నచో కొంత తరుగును. పులివెందుల అరటితోటలవారికిని ఈ తరుగు తెలియనిది కాదు.

మన మనుమలు కంప్యూటరులో ఆడు ఆటలును ఒకరి చేతిపనియే. హైదరాబాదునందలి ఓగర్ హెడ్ స్టూడియో అను చిన్న సంస్థ, మన పురాణముల పోకడను గైకొని, 2017లో ‘అసుర’ అను ఆటను వెలువరించినది. ఇట్టివారికి ఒక ఆట అమ్మిన సొమ్మే మరియొక ఆటకు పెట్టుబడి.

ఈ యాటల అంగళ్లు ఇంటర్నెట్టులో కలవు. స్టీమ్ అను పెద్ద అంగడి చిన్నవారి అమ్మకములో నూటికి 30 వంతులు తీసికొనును. 2013లో వెలసిన ఇచ్.ఐవో అను అంగడిలో ఆ వంతును నిర్ణయించు అధికారము ఆట చేసినవానిదే. పన్నులు మొదలగునవి అటుంచి, 500 రూపాయల ఆటకు మొదటిచోట 150 పోవును; రెండవచోట నూటికి 10 విడిచినను పోవునది 50 మాత్రమే.

అట్లని పెద్ద అంగడి చెడ్డది కాదు. జనము గుమిగూడు సంత యదియే; అచట కొన్నవారు బాగున్నదని నాలుగు మాటలు వ్రాసినచో ఆ యాట పదిమంది కంటబడును.

కావున మనుమడు ఆట కావలెనన్నప్పుడు, వెల యెంత యని మాత్రమే గాక, చేసినదెవరు, ఎచట కొన్నచో వారికి మేలు అనియు అడుగుడు. కాసు చెల్లింపక దొంగప్రతిని తెచ్చుకొనుట మాత్రము నేతవాని మగ్గము విరుచుటయే.