నికాహ్‌నామాలో ఒక్క వాక్యం

నికాహ్ ఒక ఒప్పందం. దివ్య ఖుర్ఆన్ దానిని దృఢమైన ప్రమాణంగా పేర్కొన్నది (అన్నిసా: 21). నెరవేర్చవలసిన షరతులన్నింటిలో నికాహ్ షరతులకే అగ్రస్థానమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. అయినా మన ఇళ్లలో పెళ్లిమాటలు కట్నకానుకల వద్ద, విందుభోజనాల వద్దనే ముగిసిపోతున్నాయి. నికాహ్‌నామాలో ఏ షరతు రాయించాలో ఆలోచించేవారు అరుదు.

భర్త పరస్త్రీ వ్యామోహంలో పడితే ఇన్ని లక్షలు చెల్లించాలని రాయించుకుంటే సరిపోదా? సరిపోదనే మేము భావిస్తున్నాము. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా న్యాయస్థానం ఆ మొత్తానికి మించకుండా సముచితమైన పరిహారం మాత్రమే ఇప్పిస్తుంది. ప్రజా విధానానికి విరుద్ధమైన ఒప్పందాలు 23వ సెక్షను కింద చెల్లవు. కనుక జరిమానా షరతును మాత్రమే నమ్ముకోవడం వివేకం కాదు.

షరీఅత్‌లో ఇంతకంటే బలమైన మార్గమున్నది. అది తఫ్వీజ్, అనగా భర్త తన తలాఖ్ అధికారాన్ని నిర్ణీత షరతులపై భార్యకు అప్పగించడం. ఇటువంటి ఒప్పందాన్ని కలకత్తా హైకోర్టు 1882లోనే సమర్థించింది. పాకిస్తాన్ నికాహ్‌నామాలోని 18వ కాలమ్ ఈ అధికారం గురించే అడుగుతుంది. షరతు ఉల్లంఘన జరిగినంత మాత్రాన వివాహం రద్దు కాదు. ఆ అధికారాన్ని వినియోగించాలా, క్షమించాలా అన్నది భార్య నిర్ణయం.

ఇందులోని ప్రయోజనం గమనించండి. ద్రోహానికి గురైన స్త్రీ ఖులా కోరితే తరచుగా మహర్‌ను వదులుకోవలసి వస్తుంది. తఫ్వీజ్ ద్వారా విడిపోయిన స్త్రీకి మహర్ హక్కు నిలిచే ఉంటుంది. దోషి కాని వ్యక్తి నష్టపోకుండా ఉండటమే కదా న్యాయం!

అయితే షరతులోని పదాలు స్పష్టంగా ఉండాలి. ‘వ్యభిచరిస్తే’ అని రాస్తే రుజువు చేయడం దుస్సాధ్యం. నలుగురు సాక్షులు లేకుండా ఆ నింద మోపడం షరీఅత్‌లో ఘోరపాపం (అన్నూర్: 4). అందుకు బదులు కంటికి కనిపించే విషయాలే రాయించాలి: భార్య సమ్మతి లేకుండా మరో వివాహం చేసుకోవడం, నిర్ణీత కాలం పోషణ మానివేయడం, ఇల్లు విడిచి వెళ్లిపోవడం. వివాదం తలెత్తితే ఇరువైపుల నుండి ఒక్కొక్క మధ్యవర్తిని నియమించాలన్న ఖుర్ఆన్ పద్ధతిని (అన్నిసా: 35) కూడా చేర్చవచ్చు.

ఏ షరతూ రాయించుకోని సోదరీమణులు నిస్సహాయులు కారు. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ప్రకారం, దుష్ప్రవర్తన గల స్త్రీలతో భర్త సాంగత్యం చేయడం క్రూరత్వమే. దాని ఆధారంగా విడాకులు కోరవచ్చు. కాని అందుకు న్యాయస్థానంలో రుజువులు చూపాలి, చాలాకాలం వేచి ఉండాలి.

షరతు కోరడం అనుమానించడమేనని కొందరు పెద్దలు నొచ్చుకుంటారు. అప్పును రాసుకోమని ఆదేశించిన ధర్మం మనది. డబ్బు విషయంలో అవమానం కానిది కూతురి జీవితం విషయంలో అవమానమెలా అవుతుంది? ఖుత్బాకు ముందే, ఇరుపక్షాలు ప్రసన్నంగా ఉన్నప్పుడే ఖాజీగారితో మాట్లాడి ఆ వాక్యం రాయించండి.