వేటకు హద్దు, పొలానికి కంచె

కోదాడ, సూర్యాపేటల నుండి బస్సులో హైదరాబాదు వెళ్ళే మనవారు వనస్థలిపురం రాగానే దిగడానికి సంచులు సర్దుకొంటారు. ఆ రోడ్డు ప్రక్కనే ఉన్న అడవిని చాలామంది గమనించరు. అదే మహావీర్ హరిణ వనస్థలి. అక్కడ కృష్ణజింకలు స్వేచ్ఛగా మేస్తుంటాయి. ఒకప్పుడు అది నిజాం కుటుంబీకుల వేటస్థలం. 1975లో జింకల వనమైంది, 1994లో జాతీయ ఉద్యానవనమైంది. మెదక్ ప్రాంతంలోని పోచారం అభయారణ్యం కూడ నిజాముల వేటస్థలమే.

చంపడానికి ఉంచుకొన్న స్థలం కాపాడే స్థలంగా ఎలా మారింది? వేట కోసమని ఆ అడవిని ప్రత్యేకించి ఉంచారు. ఆ హద్దు వలన చెట్టూ మిగిలింది, జింకా మిగిలింది. అమెరికాలోనైతే 1937లో చేసిన చట్టం ప్రకారం తుపాకుల మీద, తూటాల మీద వచ్చే పన్నును అడవి జంతువుల సంరక్షణకే ఖర్చు చేస్తున్నారు.

అయితే ఇంతటితో ఆగితే సగం సత్యమే చెప్పినట్లు. రాజులు, నవాబులు జింకల వేటకు చీతాలను పట్టి పెంచారు. ఆ చీతాలే చివరకు మన దేశంలో లేకుండ పోయాయి. అవి అంతరించాయని 1952లో ప్రభుత్వం ప్రకటించింది. 2022లో వాటిని ఆఫ్రికా నుండి తెప్పించవలసి వచ్చింది. హద్దులేని వేట ఫలితం అది. అందుకే 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది.

"ఇదంతా మనకెందుకు?" అంటారేమో. మిర్యాలగూడ వైపు ఒక గృహ కూడికలో, సాగర్ కాలువ నీళ్ళందని మెట్టచేను గల ఒక సహోదరుడు నన్ను అడిగాడు: "అయ్యగారూ, అడవిపందుల గుంపు ఒక్క రాత్రి పడితే వేరుశనగ చేనంతా పోయింది. అప్పు మాత్రం మిగిలింది. చేను చుట్టూ కరెంటు తీగ పెడితే పాపమా?"

ఆయన కన్నీళ్ళు నిజమైనవి. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం తెరిచాను. పక్షిగూడు దొరికితే పిల్లలను తీసుకోవచ్చు గాని తల్లిని విడిచిపెట్టాలని 6, 7 వచనాలు చెబుతున్నాయి. అంటే పట్టుకోవడం ఉంది, దానికి హద్దూ ఉంది. ఆ వెంటనే 8వ వచనంలో, క్రొత్త ఇల్లు కట్టినవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టాలని, ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తాపరాధం ఇంటిమీదికి వస్తుందని ఉంది. నాకు జవాబు దొరికింది.

కరెంటు తీగకు పంది ఎవరో, మనిషి ఎవరో తెలియదు. రాత్రివేళ మోటారు వేయడానికి వెళ్ళే పొరుగు రైతు, మేత కోసం వచ్చిన ఎద్దు, ఒక్కొక్కచోట పులి కూడ దానికి బలియైనవారే. పంట పోతే మరుసటేడు వేసుకొంటాము. ప్రాణం పోతే ఎక్కడ తెస్తాము?

అలాగని రైతు చేతులు కట్టుకొని కూర్చోనక్కరలేదు. పంటను నాశనం చేసే జంతువును అనుమతితో చంపడానికి ఆ చట్టంలోనే వీలుంది. 2021లో తెలంగాణ ప్రభుత్వం అడవిపందుల విషయంలో ఆ అనుమతినిచ్చే అధికారాన్ని సర్పంచులకు అప్పగించింది. కాల్చేది మాత్రం లైసెన్సు గలవారే. ఇప్పటి నియమాలు అటవీశాఖవారిని అడిగి తెలుసుకోండి. వేరుశనగ చుట్టూ ముళ్ళ కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం నాలుగు వరుసలు వేయమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. సోలారు కంచె కొట్టే షాకు క్షణకాలమే గనుక అది బెదరిస్తుంది గాని చంపదు.

ప్రియ చదువరులారా, ఈ రాత్రి మీ చేను గట్టున తీగ ఉన్నదా? చీకటి పడకముందే వెళ్ళి తీసివేయండి. రేపు ఉదయం నలుగురు రైతులు కలిసి అనుమతి కోసం వెళ్ళండి.