ఆపరేషన్‌కు అంకె - మెడికల్ కోడింగ్ గురించి కొంత



మన ఊళ్ళలో "ఆమెకు పెద్దాపరేషన్ అయింది" అంటారు. ఆ మాటకు ఒక ఇంట్లో సిజేరియన్ అని అర్థం, పక్క ఇంట్లో గర్భసంచి తీసివేశారని అర్థం. మగవారి సంగతి వస్తే "మూత్రం బందైతే ఆపరేషన్ చేసిండ్రు" అంటారు. అది రాయి తీయడమా, ప్రోస్టేట్ గ్రంథిని గీకడమా, గొట్టం వేయడమా అన్నది చెప్పేవారికీ సరిగా తెలియదు. ఆసుపత్రి లెక్క ఇలా నడవదు. అక్కడ చేసిన ప్రతి పనికీ ఒక అంకె ఉంటుంది. రోగి కేస్ షీటు చదివి ఆ అంకెలు వేసే పనినే మెడికల్ కోడింగ్ అంటారు. హైదరాబాదులో ఈ ఉద్యోగం చేస్తున్న మన సీనియర్లు పండుగకు వచ్చి "కోడింగ్ చేస్తున్నాం" అంటే కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తున్నారని అనుకుంటాం. అది వేరు, ఇది వేరు. దీనికి కావలసింది బైపీసీలో మనం చదివే శరీర నిర్మాణ శాస్త్రమే.

మేము ఈ హాస్టల్లో కలిసి చదువుకునే బి.జెడ్.సి. విద్యార్థులం. కోడింగ్ మొత్తం ఒక వ్యాసంలో పట్టదు కనుక మూత్ర వ్యవస్థ, జనన వ్యవస్థల ఆపరేషన్ల భాగం మాత్రమే తీసుకున్నాం. చదువుకునేవారు ఎక్కువగా తికమకపడే భాగం ఇది. మన ప్రాంతపు ఆడవారి బతుకుతో ముడిపడిన భాగం కూడా ఇదే. ఆ సంగతి ముందుకు వస్తుంది.

మొదట ఒక విషయం. కోడ్లు రెండు రకాలు. రోగం ఏమిటో చెప్పేది ఒకటి, దానికి ఏం చేశారో చెప్పేది మరొకటి. ఐ.సి.డి-10 అనే ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఎన్20 అంటే మూత్రపిండంలో, మూత్రనాళంలో రాయి. ఎన్40 అంటే ప్రోస్టేట్ పెరగడం. డి25 అంటే గర్భసంచిలో గడ్డలు, అంటే ఫైబ్రాయిడ్లు. ఎన్81 అంటే గర్భసంచి జారడం. ఇవి "ఎందుకు" అనే ప్రశ్నకు జవాబులు. "ఏం చేశారు" అనే ప్రశ్నకు జవాబిచ్చే అంకెలు వేరే పుస్తకాల్లో ఉంటాయి. రెండూ పక్కపక్కన నిలబడితేనే లెక్క సరిపోయినట్టు. ఒకటి ఉండి రెండవది పొంతన లేకుండా ఉంటే అక్కడ ఆగి ప్రశ్న వేయాలి.

ఆపరేషన్ల కోడ్లకు అమెరికాలో చాలాకాలం ఐ.సి.డి-9-సి.ఎం. మూడవ సంపుటం వాడారు. అందులో 55 నుంచి 59 వరకు మూత్ర వ్యవస్థ, 60 నుంచి 64 వరకు పురుష జననాంగాలు, 65 నుంచి 71 వరకు స్త్రీ జననాంగాలు, 72 నుంచి 75 వరకు కాన్పు. సిజేరియన్ 74లో, వేసెక్టమీ 63.73లో, ఆడవారి కు.ని. ఆపరేషన్ 66లో ఉంటాయి. 2015 అక్టోబర్ 1 నుంచి అక్కడి ఆసుపత్రుల్లో ఇన్‌పేషెంట్లకు దీని స్థానంలో ఐ.సి.డి-10-పి.సి.ఎస్. వచ్చింది. డాక్టరు ఫీజు బిల్లుకు మాత్రం సి.పి.టి. అనే మరో పుస్తకం ఉన్నది. దానిని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో తెచ్చింది, ఏటేటా మారుస్తుంది. అందులో మూత్ర వ్యవస్థ 50 వేల అంకెలతో మొదలై 53899తో ముగుస్తుంది. ఆ తరువాత పురుష, స్త్రీ జననాంగాలు, కాన్పు వరుసగా 59 వేల అంకెల దాకా వస్తాయి. హైదరాబాదులో మనవాళ్ళు చేసే పని ఎక్కువగా ఈ అమెరికా కోడ్లతోనే.

పుస్తకం తెరిచేముందు మూడు తోకలు నేర్చుకుంటే సగం పని అయినట్టే. ఎక్టమీ అంటే తీసివేయడం. ఒటమీ అంటే కోసి తెరవడం. ఒస్టమీ అంటే ద్వారం చేసి ఉంచడం. నెఫ్రో అంటే మూత్రపిండం. కాబట్టి నెఫ్రెక్టమీలో కిడ్నీ పోతుంది, నెఫ్రాటమీలో కిడ్నీని కోస్తారు, నెఫ్రాస్టమీలో కిడ్నీలోకి గొట్టం పెడతారు. ఒక్క అక్షరం తప్పు చదివితే ఉన్న కిడ్నీ కాగితం మీద పోతుంది! ఇంకో గుంట యురేటర్, యురేత్రా. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చేది యురేటర్, అవి రెండు. మూత్రాశయం నుంచి బయటకు పోయేది యురేత్రా, అది ఒక్కటే. తెలుగులో రెండింటినీ మూత్రనాళం అనేవారు ఉన్నారు కనుక మనకు ఈ గుంట మరింత లోతు. మేము ఒకదానిని మూత్రనాళమనీ, రెండవదానిని మూత్రమార్గమనీ రాసుకుంటున్నాం.

పి.సి.ఎస్. కోడులో ఏడు గళ్ళుంటాయి. ఒక్కో గడిలో ఒక అంకె గానీ ఇంగ్లీషు అక్షరం గానీ కూర్చుంటుంది. సున్నా, ఒకటి అంకెలతో కలిసిపోతాయని ఓ, ఐ అక్షరాలను వాడరు. పొట్ట కోసి గర్భసంచి మొత్తం తీస్తే కోడు 0-యు-టి-9-0-జెడ్-జెడ్. మొదటి సున్నా శస్త్రచికిత్స అని, యు స్త్రీ జనన వ్యవస్థ అని, టి మొత్తం తీసివేత అని, 9 గర్భసంచి అని, తరువాతి సున్నా కోసి చేశారని. చివరి రెండు జెడ్‌లు ఇంకేమీ లేదని. యోని మార్గం నుంచి తీస్తే ఐదవ గడిలో 7 వస్తుంది, లాప్రోస్కోపు అయితే 4. మూడవ గడిలో టి బదులు బి ఉంటే కొంత భాగమే తీశారని అర్థం. ఫైబ్రాయిడ్ గడ్డ ఒక్కటే తీసి గర్భసంచిని ఉంచితే బి పడుతుంది. ఆ ఒక్క అక్షరమే ఒక ఆడమనిషికి గర్భసంచి ఉన్నదా లేదా అన్న తేడా. మూత్ర వ్యవస్థకు రెండవ గడిలో టి, పురుష వ్యవస్థకు వి వస్తాయి. కిడ్నీ తీస్తే కుడిదా ఎడమదా అన్నది కూడా నాలుగవ గడిలో చెప్పి తీరాలి. కుడికి 0, ఎడమకు 1. పాత ఐ.సి.డి-9లో ఈ కుడి ఎడమల లెక్కే లేదు.

విచిత్రాలు కూడా ఉన్నాయి. డయాలసిస్ కిడ్నీ రోగులకే కదా అని మూత్ర వ్యవస్థ అధ్యాయంలో వెదికితే దొరకదు. ఐ.సి.డి-9లో అది 39.95, రక్తనాళాల దగ్గర ఉంటుంది. రాయిని బయటి నుంచి తరంగాలతో పగులగొట్టే చికిత్స 98.51, అదీ కిడ్నీ అధ్యాయంలో లేదు. ప్రోస్టేట్ పురుష జనన వ్యవస్థ గ్రంథి. అయినా మూత్రమార్గం గుండా పరికరం పంపి దానిని గీకే ఆపరేషన్ సి.పి.టి.లో 52601, అంటే మూత్ర వ్యవస్థ భాగంలో ఉంటుంది. పరికరం ఏ దారిన పోయిందో ఆ దారి అధ్యాయంలోనే కూర్చోబెట్టారన్నమాట. పరీక్షలో అడగడానికి ఇటువంటివే బాగుంటాయని మాకు అనిపించింది.

ఇక అసలు విషయానికి వద్దాం. పొట్ట కోసి గర్భసంచి పూర్తిగా తీసే ఆపరేషన్‌కు సి.పి.టి. కోడు 58150. దాని వివరణలో అండవాహికలు, అండాశయాలు తీసినా తీయకపోయినా ఇదే కోడు అని ఉంటుంది. బిల్లుకు అది చాలు. డాక్టరు ఫీజు మారదు కనుక తేడా అవసరం లేదు. కానీ ఆ మనిషికి? అండాశయాలు ఉంటే హార్మోన్లు వస్తుంటాయి. 30 ఏళ్ళకే రెండూ తీసేస్తే ఆ రోజే ముట్లుడిగినట్టు. ఒంట్లో వేడి ఆవిర్లు వస్తాయి, ఎముకలు గుల్లబారతాయి. పి.సి.ఎస్.లో అండాశయాలకు విడిగా ఒక కోడు వేయాలి, పాత ఐ.సి.డి-9లోనూ 65తో మొదలయ్యే వేరే అంకె ఉన్నది. అంటే డబ్బు కోసం రాసిన కోడు ఒకటి చెబుతుంది, శరీరం కోసం రాసిన కోడు మరొకటి చెబుతుంది. ఈ తేడా అర్థమైన తరువాతే మాకు ఈ సబ్జెక్టు మీద గౌరవం కలిగింది.

ఇది అమెరికా గొడవ అనుకోవద్దు. మన సిద్దిపేట 2016 అక్టోబర్ 11న జిల్లా అయ్యేవరకు మెదక్ జిల్లాలోనే ఉండేది. ఆ ఉమ్మడి మెదక్ జిల్లాలోని కౌడిపల్లి మండలంలో డాక్టర్ ఎస్. కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ గర్భసంచి తీయించుకున్న స్త్రీలను కలిసి అధ్యయనం చేశారు. చిన్న వయసులోనే, అవసరం లేకుండానే ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయని బయటపెట్టిన తొలి పరిశీలనల్లో అది ఒకటి. తెల్లబట్ట అవుతుందనో, నడుము నొప్పనో పోతే "ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టడం, ఇద్దరు పిల్లలు పుట్టాక సంచితో పనేముందిలే అనుకోవడం - ఈ రెండూ కలిశాయి. తెల్లబట్టకు మందులున్నాయి. క్యాన్సర్ అనుమానమైతే పాప్ స్మియర్ పరీక్ష ఉన్నది. అవేవీ చేయకుండా కత్తి పట్టుకోవడం వైద్యం అనిపించుకోదు.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై తరువాత రాష్ట్రమంతటికీ వచ్చింది. తెల్లకార్డు ఉన్న పేదలు కార్పొరేట్ ఆసుపత్రి గడప తొక్కగలిగారంటే దాని వల్లనే. మేము దానిని తక్కువ చేయము. ఉమ్మడి రాష్ట్రపు ఆ జాబితాలో స్త్రీల ఆపరేషన్లకు ఎస్4, మూత్ర జననాంగ ఆపరేషన్లకు ఎస్9 అనే వరుసలు ఉండేవి. ప్రతి కోడు పక్కన ఒక ధర. కోడు పక్కన ధర కూర్చుంటే కొన్నిచోట్ల రోగి కన్నా ధరే ముందు కనిపిస్తుంది. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువైపోతున్నాయని విమర్శలు వచ్చాక ప్రభుత్వం వాటిని పథకం కింద ప్రైవేటు ఆసుపత్రుల నుంచి తప్పించి ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేసింది. అలా తప్పించగలిగారంటే ఆ ఆపరేషన్‌కు విడిగా ఒక కోడు ఉండబట్టే. దురాశకు దారి చూపినదీ, లెక్క తేల్చినదీ ఆ అంకెలే.

కానీ చేతి డబ్బుతో ప్రైవేటులో చేయించుకున్న ఆపరేషన్లు ఏ పథకం లెక్కలోకీ రావు. అందుకే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేవాళ్ళు ఇంటింటికీ పోయి అడగవలసి వచ్చింది. 2015-16 సర్వేలో గర్భసంచి తీయించుకున్నారా, ఎందుకు అని విడిగా అడిగారు. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో దేశం మొత్తం మీద 3.2 శాతం మంది తీయించుకున్నామన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, మన తెలంగాణలో 7.7 శాతం. దేశ సగటుకు రెండింతలు దాటింది! కూలికి పోయే తల్లికి ముట్టు రోజుల్లో పని పోకుండా ఉంటుందని చేయించుకున్నవారూ ఉన్నారు. ఆ కారణానికి ఐ.సి.డి.లో రోగపు కోడు లేదు. సిజేరియన్ సంగతీ అంతే. 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలో 21.5 శాతం. అది మరో వ్యాసానికి సరిపోయే విషయం.

అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలను రాష్ట్రాలు మూడు నెలల్లో అమలు చేయాలని కోర్టు చెప్పింది. 40 ఏళ్ళ లోపు స్త్రీలకు జరిగిన ఈ ఆపరేషన్లను కారణంతో సహా నమోదు చేయాలన్నది అందులో ఒక ముఖ్యాంశం. "కారణంతో సహా" అన్న మాట గమనించండి. మొదట మనం చెప్పుకున్న రెండు కోడ్ల సంగతే అది.

ఉద్యోగం గురించి అడిగేవారికి నాలుగు మాటలు. లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ చదివినవారిని కోడింగ్‌లోకి తీసుకుంటారు. సి.పి.సి. అనే అమెరికా సర్టిఫికెట్ పరీక్షకు 100 ప్రశ్నలు, 4 గంటలు, పుస్తకం చూసి రాయవచ్చు. పుస్తకం చూసి రాయడమే కదా అని తేలికగా తీసుకోవద్దు, ఏ పేజీలో ఏమున్నదో తెలియకపోతే 4 గంటలు చాలవు. ఇంగ్లీషు కేస్ షీటు చదివి అర్థం చేసుకోవాలి, మాట్లాడకపోయినా పరవాలేదు. ఉద్యోగం గ్యారంటీ అని ముందే వేలు కట్టించుకునే శిక్షణా కేంద్రాలు ఉన్నాయి, ఫీజు కట్టేముందు అక్కడ చదివి ఉద్యోగం చేస్తున్నవారిని కలవండి.

కోడింగ్ చేయకపోయినా, సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక పని చేయవచ్చు. అమ్మకో, పెద్దమ్మకో, చిన్నమ్మకో ఆపరేషన్ అయి ఉంటే ప్లాస్టిక్ కవర్లో మడిచి దాచిన డిశ్చార్జి కాగితం ఉంటుంది. అది తీసి చదవండి. ఆపరేషన్ పేరు చివర హిస్టరెక్టమీ అని ఉంటే గర్భసంచి తీశారు. ఊఫరెక్టమీ అని కూడా ఉంటే అండాశయం తీశారు, దాని ముందు బైలేటరల్ అని ఉంటే రెండూ తీశారు. ఆ రెండవ మాట ఉంటే ఎముకల బలం గురించి, కాల్షియం గురించి డాక్టరును అడగాలి. రోగం పేరు రాసే చోట ఏమున్నదో చూడండి. తీసిన భాగాన్ని పరీక్షకు పంపిన బయాప్సీ రిపోర్టు ఉన్నదేమో చూడండి. ఆపరేషన్ ఇంకా కానివారైతే, చేయమని చెప్పిన డాక్టరు చీటీ తీసుకొని ప్రభుత్వ ఆసుపత్రిలో గైనకాలజిస్టుకు ఒకసారి చూపించండి. ఆరోగ్యశ్రీ ఆసుపత్రిలో అయితే ఏ కోడు కింద అనుమతి అడుగుతున్నారో ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు.