దేశాంతరము పోవు ఆడబిడ్డ – ఆమె పత్రములు

మా నందిగామలోగాని, ఆవలనున్న జగ్గయ్యపేటలోగాని నేడు విదేశమునకు బిడ్డను బంపని వీధి కానరాదు. పూర్వము పెండ్లిమాటలలో వరునికి మాగాణి యెంత, మెట్ట యెంత యని యడుగుచుండెడివారు. ఇప్పుడు వీసా యెట్టిదని యడుగుచున్నారు. అడుగుట మంచిదే. కాని యందరును వరుని వీసా నడుగువారేగాని, "మా పిల్ల యే వీసాపై బోవును? ఆమెకచట స్వయముగా గల హక్కు లేవి?" యని యడిగిన తల్లిని మేమింతవరకు జూడలేదు. సోదరీమణులారా, ముందుగా నడుగవలసిన ప్రశ్న యదియే యని మా తలంపు.

ఎల్ల దాటుట మన ప్రాంతమునకు గ్రొత్త గాదు. మునగాల పరగణా మన నందిగామ తాలూకాలోనిదై యుండియు నలువైపుల నైజాము రాజ్యముచే జుట్టబడి యుండెను. అచటి కోడలు పుట్టినింటికి వచ్చి పోవునపుడెల్ల నడుమ మరియొక ప్రభువు నేల ద్రొక్కవలసినదే. "అబలా సచ్చరిత్ర రత్నమాల" రచించిన బండారు అచ్చమాంబగారు 1874లో మన పెనుగంచిప్రోలున జన్మించి, బాల్యమున నైజాములోని దేవరకొండలోను, వివాహానంతరము నాగపుర ప్రాంతమునను నివసించిరి. ఇంటనే చదువు నేర్చిన యా విదుషీమణికి బాస్పోర్టుతో బనిలేకుండెను.

1947, 48 సంవత్సరములలో రజాకార్ల హింసకు దాళలేక నైజాము పల్లెలనుండి కుటుంబములకు గుటుంబములే కృష్ణాజిల్లాకు దరలివచ్చినవి. మన యెగువగ్రామముల వారికి గాందిశీకు లను మాట యప్పటినుండియు దెలియును. 1948 సెప్టెంబరులో భారతసేన ప్రవేశించిన యైదు దినములకే నైజాము లొంగిపోగా నా యెల్లయే మాసిపోయెను. రాజ్యాంగములోని పౌరసత్వపు టధికరణములు 1949 నవంబరు 26వ తేదీననే యమలులోనికి వచ్చినవి. ఈ నేలపై బుట్టి యిచటనే స్థిరనివాస మేర్పరచుకొన్నవారిని 5వ అధికరణము పౌరులుగా నెంచినది. కావున నా కాందిశీకులలో నొక్కరును దరఖాస్తు వ్రాయవలసిన పనిలేకపోయెను.

బర్మాలో నుండిన తెలుగువారి సంగతి వేరు. తాత విశాఖపట్టణము జిల్లాలో బుట్టినవాడైనను, మనుమడు రంగూనులో గాపురముండినచో, 8వ అధికరణము ననుసరించి భారతప్రతినిధి కార్యాలయమున బేరు వ్రాయించుకొనవలసి యుండెను. వ్రాయించుకొన్నవాడు పౌరుడు. పేరొక్కటి పుస్తకమున నెక్కుటయు నెక్కకపోవుటయు నొక వంశము యొక్క దేశమునే నిర్ణయించినది! 1964 తరువాత నచటి దుకాణములను ప్రభుత్వము వశపరచుకొన్నపుడు వేలకొలది జనము తిరిగివచ్చిరి.

ఇక మన బిడ్డల మాట. అమెరికాలో నుద్యోగముచేయు వరునికి దరచుగా నుండునది "హెచ్ 1బి" యను వీసా. భార్య కిచ్చునది "హెచ్ 4". ఈ రెండవది తనకాళ్లపై నిలుచునది గాదు. భర్త యుద్యోగము పోయి, ప్రభుత్వమిచ్చిన గడువులోపల వేరొకటి దొరకనిచో భార్య నివాసమునకును నాధారము తొలగును. విడాకు లైనను నంతియే. 2015 మే నెల వరకు నీ వీసాగల స్త్రీలు జీతమునకు బనిచేయుటయే నిషిద్ధము. ఆ నెలనుండి, భర్తయొక్క శాశ్వతనివాసపు దరఖాస్తు కొంత మెట్టు దాటినచో భార్యయు నుద్యోగానుమతి కోరవచ్చునని నియమించిరి. ఇచట నింజనీరింగులో మొదటితరగతి తెచ్చుకొన్న పిల్ల యచట నేండ్లతరబడి కిటికీ చెంత గూర్చుండుట కిదియే కారణము. ఇది యామె సోమరితన మనుకొను నత్తగారలు మన వీధిలోను గలరు.

మున్నేటి యొడ్డున నొక గ్రామమున మేమెరిగిన పిల్ల గలదు. పెండ్లియైన రెండవయేట భర్త యామెను సంక్రాంతికని తీసికొనివచ్చి, పుట్టినింట దించి, ఆమె పాస్పోర్టు తనసంచిలోనే యుంచుకొని యొంటరిగా మరలిపోయెను. తరువాత ఫోను ఎత్తుట మానెను. పెద్దమనుష్యులు మూడుమాసములు పంచాయతీ చేసిరి. "పాస్పోర్టు మగనియొద్ద నున్నది గదా, యాతడు పంపినప్పుడే పోవలె" నని వారి తీర్మానము. వారికి దెలియని దేమన, 1967వ సంవత్సరపు పాస్పోర్టుల చట్టములోని 17వ సెక్షను ప్రకారము పాస్పోర్టు భర్తదికాదు, అత్తదికాదు, పిల్లదికూడ గాదు. ఎల్లప్పుడును కేంద్రప్రభుత్వపు సొత్తు. దానిని బిగబట్టుటకు భర్తకుగాని, గల్ఫుదేశపు యజమానికిగాని భారతచట్టము హక్కీయలేదు.

ఆ పిల్ల తల్లి పెద్దగా జదివినది కాదు. అయినను బయనపు ముందునాడు పాస్పోర్టు పుటలకు, వీసాకు, వివాహ ధ్రువపత్రమునకు నకళ్లు తీయించి పసుపుకుంకుమల పెట్టెలో వేసి యుంచెను. ఆ నకళ్లతో బోలీసులకు ఫిర్యాదు వ్రాసియిచ్చి, పిల్ల విజయవాడ పాస్పోర్టు కేంద్రమున గ్రొత్త పాస్పోర్టు పొందినది. భర్తపేరు వేయవలసిన పనియు లేకపోయెను. 2016 డిసెంబరులో ప్రకటించిన నియమములను బట్టి వివాహపత్రము చూపుట యనివార్యము గాదు. భర్తనుండి వేరైన స్త్రీ యాతని పేరు వ్రాయకయే యుండవచ్చును. ఆమె తిరిగి యమెరికాకు బోవునో పోదో మాకు దెలియదు. పోవుటయు మానుటయు నిపుడామె యిష్టము.

ఇట్టివారికి మరియొక యాపద కలదు. అచటి న్యాయస్థానమునుండి యొకనాడు విడాకుల నోటీసు వచ్చును. దానిని జూచి యేడ్చి పెట్టెలో బెట్టరాదు. తెలియక సంతకమును జేయరాదు. 1975లో తిరుపతిలో వివాహమైన యొక తెలుగు దంపతుల వ్యాజ్యమున భర్త యమెరికాలోని మిస్సూరి రాష్ట్రమునకు బోయి విడాకుల డిక్రీ తెచ్చుకొని మరల బెండ్లియాడెను. భార్య యచటి న్యాయస్థానపు టధికారమున కొప్పుకొనలేదు. 1991లో సుప్రీంకోర్టు, వారి వివాహమునకు వర్తించు చట్టములో లేని కారణముతో నట్లు పొందిన డిక్రీ యిచట జెల్లదని తీర్పు చెప్పినది. ఒక యాంధ్రస్త్రీ పట్టుదల దేశమందలి కోడండ్ర కెందరికో నీడ యైనది. భార్య తానై సమ్మతించినచో మాత్రము సంగతి మారును. అందువలననే సంతకము విషయమై యింతగా జెప్పుచున్నాము.

విదేశమున నున్నప్పుడే కష్టము కలిగినచో? భారత రాయబార కార్యాలయములలో నాపన్నులకై 2009లో నేర్పడిన సహాయనిధి కలదు. ఫిర్యాదులకై "మదద్" అను వ్యవస్థ 2015లో నారంభమైనది. విదేశమందలి భర్తలు విడిచిన స్త్రీల మొరలు వినుటకు జాతీయ మహిళా కమిషనులో 2009నుండి ప్రత్యేకశాఖ కలదు. న్యూజెర్సీలో 1985లో "మానవి" యను సంఘమును దక్షిణాసియా స్త్రీలే స్త్రీలకొరకు స్థాపించిరి. భర్త కొట్టుచున్నను వీసా పోవునని నోరు మెదపని పిల్లలకు జెప్పవలసిన ముఖ్యమైన సంగతి యొకటి: 2005లో నమెరికా చేసిన చట్టము, హింసకు లోనైన "హెచ్ 4" భార్య తనంత తానుగా నుద్యోగానుమతి కోరుకొనుటకు దారి చూపినది. దానికి భర్త సంతకము వలదు.

చదువునకు బోవు పిల్లలు మోసపోవుటయు గలదు. 2011లో గాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యను విశ్వవిద్యాలయము మూతపడగా నందలి పదునైదు వందలకు బైబడిన విద్యార్థులలో మిక్కిలిమంది మన తెలుగుబిడ్డలు. కొందరి కాళ్లకు నిఘాయంత్రములు తగిలించిరి. 2019 జనవరిలో మిషిగనులోని ఫార్మింగ్టను సంగతి మరియు వింత: ఆ విశ్వవిద్యాలయమును వల పన్నుటకై యధికారులే సృష్టించిరి. అప్పుడు నిర్బంధింపబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. అమెరికాలోని తెలుగుసంఘములు న్యాయవాదులను సమకూర్చినవి. తరగతి గది లేని చదువునకు వీసా యెట్లు నిలుచునని తండ్రులు కొంచె మాలోచింపరాదా?

గల్ఫునకు నింటిపనికై పోవు స్త్రీల కథ వేరుగా వ్రాయదగినది. ఇచట రెండు మాటలు చాలును. పదవతరగతి ప్యాసు కానివారికి 18 దేశములకు బనికై పోవుటకు ప్రభుత్వపు టనుమతిముద్ర కావలయును. ఇంటిపనికైనచో ముప్పదియేండ్లు నిండని స్త్రీకి దాని నీయరు. ఇది యడ్డంకి కాదు, కంచె. ఈ కంచె దాటించుటకే దళారి "విజిటింగు వీసా" యని తీయగా జెప్పును. లైసెన్సుగల యేజెంటు 30,000 రూపాయలను, పన్నును మించి రుసుము పుచ్చుకొనరాదు.

ఇంటనే చేయదగిన పని యొకటి యున్నది. మన పిల్లల కింటిపేరు ముందు, సొంతపేరు వెనుక. ఆంగ్లదరఖాస్తులలో నిది తలక్రిందగును. బడిలో "సీత", ఆధారులో "సీతామహాలక్ష్మి", పెండ్లిపత్రములో మగని యింటిపేరు – మూడును మూడు మనుష్యు లని పరదేశపు గుమాస్తా యనుకొనును. 2022లో మన యూళ్లు ఎన్టీఆర్ జిల్లాలో జేరుటచే జిరునామాయు మారినది. వివాహమును నమోదు చేయించుట 2002నుండి మన రాష్ట్రమున విధి. శుభలేఖ దానికి బదులు గాదు.

ఈ పనులకు న్యాయవాది కావలసినచో నగలు తాకట్టు పెట్టనక్కరలేదు. 1987వ సంవత్సరపు న్యాయసేవల చట్టములోని 12వ సెక్షను స్త్రీలకు, వారి యాదాయమెంతయని యడుగకయే, యుచిత న్యాయసహాయము విధించినది. నందిగామ, జగ్గయ్యపేట న్యాయస్థానములలోనే దీనికై కమిటీలు గలవు. 15100 అను సంఖ్యకు ఫోను చేసినను దారి చూపుదురు. అమెరికా వీసా వీ రిప్పింపలేరు. భరణము, స్త్రీధనము, గృహహింస, పరదేశపు నోటీసునకు బ్రత్యుత్తరము – ఇవి వీరి పని. ఉచితము గనుక శ్రద్ధ యుండదని మావారి స్నేహితులు కొందరందురు. పైనిజెప్పిన పిల్ల వ్యాజ్యము నడపుచున్నది యట్టి న్యాయవాదియే, చక్కగనే నడపుచున్నారు.

కడపట మనుమల సంగతి. విదేశమున బుట్టిన బిడ్డకు 1992 డిసెంబరు 10వ తేదీకి బూర్వము తండ్రివలననే భారతపౌరసత్వము సంక్రమించెడిది. తల్లి భారతీయయైనను లెక్కకు రాదు. ఆ దినమునుండి తల్లివలనను సంక్రమించును. 2004 డిసెంబరు 3వ తేదీ తరువాత బుట్టినవారిని మాత్ర మొక యేడాదిలోపల మన కాన్సులేటులో నమోదు చేయింపవలయును. బిడ్డకు వేరుదేశపు పాస్పోర్టు లేదని తలిదండ్రులు ప్రకటింపవలయును. అమెరికా పాస్పోర్టుగల మనుమడు, మనయింట గోరుముద్దలు తినుచున్నను, చట్టము దృష్టిలో విదేశీయుడు. వానికి వీసాయో, 2005లో నేర్పడిన "ఓసీఐ" కార్డో యుండవలయును. ఆ కార్డు పౌరసత్వము గాదు. దానితో వోటు లేదు, సాగుభూమి కొనుటకు వీలులేదు. జగ్గయ్యపేటలో నొక యమ్మమ్మగారు రెండేండ్ల మనుమని బెంచుచున్నారు. వాని వీసా గడువు కార్తీకమాసములో ముగియునని వా రెరుగరు. కూతురు నడిగి తేదీ తెలిసికొని, పంచాంగములో నాపుటను మడిచి, పొడిగింపునకు దరఖాస్తు నాశ్వయుజములోనే పంపించిరి.