పంటకీ పంటకీ మధ్య మూడు రోజులు: చిన్నబిడ్డలతో మైసూరు



ఈసారి మందుల గురించో, మార్కెట్ ధరల గురించో రాయడం లేదు. బిడ్డల్ని తీసుకుని నాలుగు రోజులు ఊరు విడిచి పోవడం గురించి రాస్తున్నాం. "మనకి అదెక్కడ కుదురుతుంది" అని అప్పుడే పక్కన పెట్టేయకండి. చివరిదాకా చదవండి.

పట్టు పురుగులు పెంచే ఇంట్లో సెలవు అనే మాట లేదు. పురుగుకి ఆదివారం తెలియదు, పండగ తెలియదు. నాలుగో జ్వరం లేచాక అయితే మనం తిన్నామో లేదో గానీ దానికి మాత్రం వేళకి కొమ్మ పడాలి. ఆవులు పెట్టుకున్నవాళ్ళకి పాలు పిండే పని అదనం. అందుకే మన ఇళ్ళల్లో ప్రయాణం అంటే పెళ్ళి, చావు, మొక్కుబడి, ఆసుపత్రి. ఊరికే సంతోషానికి పోయిన ప్రయాణం ఏదని అడిగితే చాలామందికి గుర్తుకు రాదు.

మాది చింతామణి పక్క ఊరు. మేము ఆలూమగలం, ఇంట్లో అవ్వ, యుకెజి చదివే అబ్బాయి, రెండేళ్ళ పాప. పోయిన ఆషాఢంలో మూడు రోజులు మైసూరు పోయొచ్చాం. ఎలా కుదిరింది, ఏమి చూశాం, ఏమి వదిలేశాం అన్నది రాస్తున్నాం.

*ఎప్పుడు పోవాలి*

మనకి ఖాళీ ఎప్పుడొస్తుందో మనకే తెలుసు. చాకీ పురుగులు ఇంటికి వచ్చిన రోజు నుంచి మాగి చంద్రికలకి ఎక్కేదాకా కదలడానికి లేదు. ఎక్కించిన ఆరో ఏడో రోజుకి గూళ్ళు విడిపించి మార్కెట్టుకి వేసేస్తాం. తర్వాత షెడ్డుకి మందు, శుభ్రం, మళ్ళీ మందు. ఆ రెండు మందుల మధ్యలోనే మన సెలవు ఉంది.

మేము చేసిన లెక్క ఇది. ఆదివారం గూళ్ళు విడిపించాం. సోమవారం మార్కెట్టు. మంగళవారం షెడ్డుకి, చంద్రికలకి, తట్టలకి మొదటి మందు కొట్టాం: వంద లీటర్ల నీళ్ళకి రెండు కిలోల బ్లీచింగ్ పౌడరు, మూడు వందల గ్రాముల సున్నం. షెడ్డు మూసేసి బుధవారం పొద్దున బయల్దేరాం. తర్వాతి చాకీ రావడానికి ఇంకా పన్నెండు రోజులు ఉండింది. కడగడం, ఆరబెట్టడం, చాకీ రావడానికి మూడు రోజుల ముందు కొట్టే రెండో మందు, అన్నిటికీ టైము మిగిలింది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ప్రయాణం కోసం మందు కొట్టే పని వాయిదా వెయ్యొద్దు, తగ్గించొద్దు. పాత పంట రోగం షెడ్డులో మిగిలితే కొత్త పంట పోతుంది. అప్పుడు మూడు రోజుల సంతోషానికి మూడు నెలలు ఏడవాల్సి వస్తుంది.

ఇందులో బిడ్డల సంగతి కూడా ఉంది. మన ఊళ్ళల్లో చాలామందికి షెడ్డు, ఇల్లు ఒకే గోడకి ఉంటాయి. బ్లీచింగ్ ఘాటైనా, ఫార్మలిన్ ఘాటైనా కళ్ళకి, గొంతుకి, ఊపిరికి పడదు. మా పాపకి మందు కొట్టిన ప్రతిసారీ దగ్గు పట్టుకుంటుంది. "ఆ రెండు మూడు రోజులు బిడ్డని అక్కడ ఉంచొద్దండి" అని డాక్టరమ్మ చెప్పింది. మంగళవారం అవ్వని, బిడ్డల్ని ఊళ్ళోనే చుట్టాలింట్లో ఉంచాం, బుధవారం అక్కడి నుంచే బండెక్కాం. పాప దగ్గు లేకుండా గడిచిన మొదటి మందు అదే. ఆ లెక్కన చూస్తే ఇది ఊరికే సరదా ఖర్చు కాదు.

ఇంకోటి. పెద్దోడు వచ్చే జూన్‌కి ఒకటో తరగతి. ఆ తర్వాత బడి సెలవులు ఎప్పుడిస్తే అప్పుడే పోవాలి. ఏప్రిల్, మే, దసరా, డిసెంబరు ఆఖరు: అందరూ పోయేది అప్పుడే, రూముల ధరలు పెరిగేది అప్పుడే. బిడ్డలు చిన్నగా ఉన్న ఈ రెండు మూడేళ్ళే జనం లేని రోజుల్లో పోవడానికి వీలు. జూలైలో, వారం మధ్యలో, మైసూరులో జనం పల్చగా ఉన్నారు. రూము అడిగిన ధరకి కాకుండా మాట్లాడుకున్న ధరకి దొరికింది.

*ఇల్లు ఎవరు చూసుకున్నారు*

అవ్వ మొదట రానంది. "నేనొస్తే ఆవుల్ని ఎవరు చూస్తారు? మీరు పోయి రాండి" అని ఒకటే పట్టు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆమె మొక్కుబడికి తిరుపతి పోవడం తప్ప ఊరు దాటలేదు. చివరికి పక్కింటి వాళ్ళతో ఒప్పందం చేసుకున్నాం. మూడు రోజులు మా ఆవుల్ని వాళ్ళు చూస్తారు, పాలు వాళ్ళే డైరీకి పోసుకుంటారు. వాళ్ళ పంట అయ్యాక మూడు రోజులు వాళ్ళ ఆవుల్ని మేము చూస్తాం. కత్తిరించిన తోటకి నీళ్ళు పెట్టే పని కూడా వాళ్ళదే. రెండు ఇళ్ళల్లో పంటలు పది రోజులు తేడాగా ఉంటే ఈ బదులు సులభం. దుడ్డు ఖర్చు లేదు.

*ప్రయాణం*

చింతామణి నుంచి బెంగళూరుకి బస్సు, అక్కడి నుంచి మైసూరుకి రైలు. కర్ణాటకలో ఉండేవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది: 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద రాష్ట్రం లోపల తిరిగే మామూలు సర్కారు బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు లేదు. ఈ రాష్ట్రం అడ్రసు ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. రైల్లో ఐదేళ్ళ లోపు బిడ్డలకి, వేరే సీటు అడగకపోతే, టికెట్టు అక్కర్లేదు.

బిడ్డలతో బస్సు కంటే రైలు మేలు. లేచి తిరగొచ్చు, బాత్రూము ఉంటుంది, కిటికీలో చూసేదానికి ఏదో ఒకటి దొరుకుతుంది. రామనగర దాటేటప్పుడు "మన గూళ్ళు ఇక్కడికి కూడా వస్తాయిరా" అని చూపించాం. మద్దూరు రాగానే వడలు. పెద్దోడు రెండు తిన్నాడు, పాప ఒకటి చిదిమి సీటంతా పోసింది.

*పూటకి ఒక్కటే*

చిన్నబిడ్డలతో పోయేటప్పుడు మేము పెట్టుకున్న సూత్రం ఒకటే. పొద్దున ఒకటి చూడాలి, మధ్యాహ్నం రూముకి వచ్చి నిద్రపోవాలి, సాయంత్రం ఇంకొకటి. రోజుకి ఐదు చోట్లు చూపించే ప్యాకేజీ బండ్లు బస్టాండు దగ్గర పిలుస్తూనే ఉంటాయి. రెండేళ్ళ బిడ్డకి అది శిక్ష.

గురువారం పొద్దున జంతు ప్రదర్శనశాల. 1892లో మొదలైన జూ అది. మంగళవారం సెలవు, గుర్తు పెట్టుకోండి. గేటు తెరిచే వేళకే పోతే ఎండ లేదు, జంతువులు తిరుగుతూ ఉంటాయి. నడవలేని పెద్దవాళ్ళకి బ్యాటరీ బండి ఉంది, అవ్వ, పాప అందులో తిరిగారు. ప్లాస్టిక్ కవర్లు గేటు దగ్గరే ఆపుతారు, తిండి స్టీలు డబ్బాలో పెట్టుకోండి. జిరాఫీ తల ఎత్తి ఆకు తింటుంటే మా వాడు గట్టిగా అరిచాడు: "అవ్వా, ఇది కూడా కొమ్మ మేపేదే!" చుట్టూ ఉన్నవాళ్ళకి అర్థం కాలేదు, మేము మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాం.

సాయంత్రం పక్కనే ఉన్న కారంజి చెరువు. పక్షుల్ని వదిలిన పెద్ద వల గూటిలోకి మనమే నడిచి పోవచ్చు. పడవ కూడా ఉంది. రంగనతిట్టు పక్షుల కేంద్రం పోదామనుకున్నాం గానీ, ఆషాఢంలో కృష్ణరాజసాగరం నుంచి నీళ్ళు వదిలితే అక్కడ పడవలు ఆపేస్తారు. పైగా పక్షులు గూళ్ళు పెట్టే కాలం డిసెంబరు తర్వాత. అందుకే వదిలేశాం. ఆషాఢ శుక్రవారాలు చాముండి కొండ మీద కాలు పెట్టే సందు ఉండదు, అందుకని కొండకి మేము బుధవారం సాయంత్రమే పోయి దర్శనం చేసుకున్నాం.

ప్యాలెస్ దీపాలు ఆదివారాలు, సర్కారు సెలవు రోజుల్లో ప్రత్యేకంగా వెలిగిస్తారు. వారం మధ్యలో పోతే ఆ సంబరం తగ్గుతుంది. జనం లేకపోవడం కావాలా, దీపాలు కావాలా అన్నది మీరే తేల్చుకోవాలి. 1897లో పాత చెక్క ప్యాలెస్ కాలిపోతే కట్టిన కొత్తది ఇది, 1912లో పూర్తయింది. శుక్రవారం పొద్దున లోపల గంటసేపు తిరిగాం. పాపకి అన్నిటికంటే నచ్చింది బయట మైదానంలో పావురాలు.

*మన గూళ్ళు ఏమవుతాయి*

శుక్రవారం మధ్యాహ్నం మానందవాడి రోడ్డులో ఉన్న సర్కారు పట్టు నేత కర్మాగారానికి పోయాం. నాల్వడి కృష్ణరాజ ఒడెయరు కాలంలో 1912లో మొదలైంది. మైసూరు పట్టు చీర అనేది ఇక్కడి నుంచే. పనిరోజుల్లో అడిగితే లోపల చూడనిస్తారు, ఫోటోలు మాత్రం వద్దన్నారు. మగ్గాల చప్పుడు ఎక్కువ, పాపకి చెవులు మూసి పది నిమిషాల్లో బయటికి తెచ్చేశాం. పెద్దోడు మాత్రం కదల్లేదు.

ఒక మంచి బైవోల్టిన్ గూటి నుంచి సుమారు వెయ్యి మీటర్ల దారం వస్తుందని మనం శిక్షణల్లో విన్నాం. వినడం వేరు, ఆ దారం చీర అవుతుంటే చూడడం వేరు. అవ్వ నలభై ఏళ్ళుగా పురుగులకి ఆకు వేస్తోంది. మగ్గం మీద చీర తయారవడం చూసింది ఆ రోజే. చాలాసేపు మాట్లాడలేదు. బయటికి వచ్చాక "ఇంత పని ఉందా మన తర్వాత" అంది, అంతే. అంగట్లో చీర ధర చూసి మాత్రం "మన గూళ్ళకి ఎందుకింత తక్కువిస్తారు" అని మొదలుపెట్టింది. ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు, మీ దగ్గరుంటే రాయండి.

అదే రోడ్డులో కేంద్ర పట్టు పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది. మన తోటల్లో ఉండే వి-1 మల్బరీ, మనం పెంచే సి.ఎస్.ఆర్. రకాల పురుగులు వచ్చింది అక్కడి నుంచే.

తిరుగు రైల్లో చన్నపట్నంలో దిగి బొమ్మలు కొన్నాం. ఆలె చెట్టు కర్ర, దాని మీద లక్క రంగు. చిన్నబిడ్డలు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి ఆకు, పసుపు లాంటి సహజ రంగులు వేసినవేనా అని అడిగి కొనండి.

*ఖర్చు, జాగ్రత్తలు*

ఐదుగురికి రెండు రాత్రుల రూము, తిండి, టికెట్లు, బొమ్మలు అన్నీ కలిపితే ఆ పంటలో సుమారు పది కిలోల గూళ్ళ దుడ్డు అయింది. మార్కెట్టు నుంచి రాగానే ఆ దుడ్డు వేరే కవర్లో పెట్టేశాం, అప్పు చెయ్యలేదు.

• రాగి మాల్ట్ పొడి, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు, జ్వరం మందు, ఒక గొడుగు, రెండు జతలు ఎక్కువ బట్టలు తప్పకుండా పెట్టుకోండి.
• బిడ్డల జేబులో మీ ఫోను నంబరు రాసిన చీటీ ఉండాలి.
• వంట సామాను మోసుకుపోవద్దు. ఊరికి పోయి కూడా ఆడవాళ్ళు పొయ్యి దగ్గరే నిలబడితే అది వాళ్ళకి సెలవు కాదు.
• దారిలో చుట్టాలింట్లో పురుగులు ఉంటే వాళ్ళ షెడ్డులోకి పోవద్దు. వాళ్ళ రోగం మనకి, మన రోగం వాళ్ళకి అంటుకుంటుంది.
• ఇంటికి రాగానే స్నానం చేసి, బట్టలు ఉతికి, చెప్పులు మార్చాకే షెడ్డు తలుపు తెరవండి.

మైసూరు అందరికీ దగ్గర కాదు. హొసూరు, ధర్మపురి పక్కవాళ్ళకి ఏర్కాడు ఉంది. బరంపురం వాళ్ళకి గోపాలపూర్ సముద్రం, సోలాపూర్ వాళ్ళకి వానాకాలంలో నల్‌దుర్గ్ కోట, యానాం వాళ్ళకి కోరింగ మడ అడవులు. ఎక్కడైనా సూత్రం ఒకటే: మొదటి మందు అయ్యాక బయల్దేరాలి, రెండో మందుకి ముందే ఇంట్లో ఉండాలి.

మీ తర్వాతి పంట ఎప్పుడు అవుతుందో ఇప్పుడే క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి. దాని పక్కన మూడు రోజులు గీత గీయండి. ఆవుల్ని చూసుకునే ఇల్లు ఏదో ఈ వారమే మాట్లాడుకోండి. పోయొచ్చాక ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి, ఇంకో ఇంటివాళ్ళకి ధైర్యం వస్తుంది.